బిట్టు, బైటు, తులం: రెండు తరాజుల తారీఖ్



రంజాన్ దగ్గర పడితే మన ఇళ్ళల్లో జకాత్ హిసాబ్ మొదలవుతుంది. నిసాబ్ ఎంత అని అడిగితే పెద్దవాళ్ళు టక్కున చెప్తారు: బంగారం ఏడున్నర తులాలు, వెండి యాభై రెండున్నర తులాలు. ఆ తులం పాత తులం. 1833లో అంగ్రేజులు 180 గ్రెయిన్లుగా ఖరారు చేసిన తోలా అది, గ్రాముల్లో దాదాపు 11.664. అందుకే బంగారం నిసాబ్ 87.48 గ్రాములు అంటారు. ఇవాళ మన తెలుగు బజార్లో బంగారం దుకాణానికి వెళ్ళి తులం అడిగితే 10 గ్రాములు తూచి ఇస్తారు. ఆ తులంతో లెక్క కడితే నిసాబ్ 75 గ్రాములకే వచ్చేస్తుంది. వెండి, నగదు ఏమీ లేకుండా 80 గ్రాముల బంగారం మాత్రమే ఉన్న ఒక బేవాకి ఒక తులం ప్రకారం జకాత్ ఫర్జ్, ఇంకో తులం ప్రకారం కాదు. దుకాణందారు మోసగాడు కాదు. మౌలానా సాబ్ చెప్పిందీ తప్పు కాదు. పేరు ఒకటే, తూకాలు రెండు.

ఇప్పుడు సరిగ్గా ఇలాంటి పేచీయే ప్రతి ఇంట్లో ఇంటర్నెట్ తీగ వెంట వచ్చింది. మా ఖాలా ఇంట్లో పోయిన నెల పెద్ద రచ్చ. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు. పిల్లవాడు కంప్యూటర్‌లో ఒక పెద్ద ఫైలు దించుకుంటుంటే తెర మీద సెకనుకు 11 ఎంబీ అని కనిపించింది. నెట్ తీగ వేసిన కుర్రాడు బిల్లు కోసం వస్తే ఖాలా నిలదీసింది.

"ఏం బాబూ, వంద అని పైసలు తీసుకుంటివి, పదకొండు ఇస్తివి. మిగతా తొంభై ఎవరింటికి పోతున్నయ్?"

"లేదమ్మా, మా దగ్గర వందే చూపిస్తోంది."

"మరి మా మెషీన్ ఝూట్ చెప్తుందా?"

ఆ కుర్రాడికి జవాబు తెలీదు. ఖాలాకి గుస్సా తగ్గలేదు. నిజానికి వాళ్ళిద్దరూ సచ్ చెప్తున్నారు. ఇద్దరిదీ ఒకే సామాను, కానీ తరాజులు వేరు. ఈ రెండు తరాజులు ఎక్కడ పుట్టాయో తెలిస్తే తగాదా సగం తీరిపోతుంది. అందుకే ఈసారి ఆ తారీఖ్ రాస్తున్నాను.

తార్ బిరాదరీ

మొదటి తరాజు తీగవాళ్ళది. ఫ్రాన్స్ తార్ శాఖలో ఎమిల్ బోదో అని ఒక ముലాజిమ్ ఉండేవాడు. 1874లో ఆయన ఒక కొత్త తార్ మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మోర్స్ పద్ధతిలో ఒక హర్ఫ్ చిన్నది, ఇంకో హర్ఫ్ పొడుగు. బోదో పద్ధతిలో ప్రతి హర్ఫ్‌కీ సరిగ్గా ఐదు ఇషారాలు. ఒక్కో ఇషారా ఉంటే ఉంది, లేకపోతే లేదు. పంపేవాడి ముందు ఐదు మీటలు ఉండేవి, ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు. ఒకే తీగను చాలామంది వంతులవారీగా వాడుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది.

తీగ చాలా ఖరీదైన సామాను. అందుకే తీగవాళ్ళకి కావలసిన లెక్క ఒక్కటే: ఈ తీగ మీద సెకనుకు ఎన్ని ఇషారాలు పోతాయి? ఆ ఇషారాల్లో ఏముంది, ఖైరియత్ ఖబరా, మౌత్ ఖబరా, దానితో తీగకు పని లేదు. సెకనుకు ఒక ఇషారా అనే కొలతకి తర్వాత బోదో పేరు మీదే 'బాడ్' అని పేరు పెట్టారు.

మా అబ్బా తార్ ఆఫీసులో టెలిప్రింటర్ మీద పనిచేశారు. ఆ మెషీన్లు 50 బాడ్‌వి. నేను చిన్నప్పుడు, సెకనుకు 50 ఇషారాలు, హర్ఫ్‌కి ఐదు, అంటే సెకనుకు పది హర్ఫులు కదా అన్నాను. అబ్బా నవ్వి, "బేటా, సలాం, ఖుదా హాఫిజ్ లెక్క ఎవరు కడతారు?" అన్నారు. ప్రతి హర్ఫ్ ముందు 'వస్తున్నా' అని ఒక ఇషారా, చివర 'అయిపోయింది' అని ఒకటిన్నర ఇషారా పొడుగు విరామం. మొత్తం ఏడున్నర. 50ని 7.5తో భాగిస్తే సెకనుకు ఆరున్నర పైచిలుకు, నిమిషానికి 400 హర్ఫులు. అవతలి మెషీన్ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియాలంటే ఆ సలాం, ఆ ఖుదా హాఫిజ్ తప్పవు. తీగ మాత్రం వాటికీ కిరాయి తీసుకుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మెషీన్ బిరాదరీ

రెండో తరాజు కంప్యూటర్ వాళ్ళది. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ సైన్స్‌దాన్ ఖబర్‌ని కొలవడం ఎలా అని ఒక పెద్ద మజ్మూన్ రాశాడు. 'బిట్' అనే మాట అందులో అచ్చయింది. ఆ మాట తనది కాదు, జాన్ టూకీ అనే తన సాథీది అని కూడా ఆయనే రాశాడు. బిట్ అంటే అవును, కాదు అనే రెండు జవాబుల్లో ఒకటి, సున్నా లేక ఒకటి.

కంప్యూటర్‌కి ఒక్క బిట్‌తో పని జరగదు. దానికి హర్ఫులు కావాలి, అంకెలు కావాలి. 1956లో ఐబీఎం కంపెనీలో స్ట్రెచ్ అనే పెద్ద కంప్యూటర్ తయారుచేస్తున్నప్పుడు వెర్నర్ బుహోల్జ్ అనే ఇంజనీర్ బిట్ల గుంపుకి 'బైట్' అని పేరు పెట్టాడు. అప్పట్లో బైట్ అంటే ఇన్నే బిట్లు అని ఖాయం కాలేదు. ఆరు బిట్ల మెషీన్లూ ఉండేవి. 1964లో ఐబీఎం తెచ్చిన సిస్టమ్ 360 ఎనిమిది బిట్ల బైట్‌ని వాడింది. అది అంతటా అమ్ముడుపోయింది, దునియా మెల్లగా దాని దారి పట్టింది. నెట్‌వర్క్ రూల్స్ రాసేవాళ్ళు మాత్రం జాగ్రత్తగా 'ఆక్టెట్' అని రాస్తూ వచ్చారు. బైట్ అంటే ఎదుటివాడు ఎన్ని బిట్లు అనుకుంటాడో అని భయం. ఆక్టెట్ అంటే ఎనిమిదే, ఇంకో అర్థం లేదు.

మెషీన్ బిరాదరీకి ఇంకో ఆదత్ ఉంది. మెమరీలో ప్రతి గదికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు సున్నా, ఒకటి మోసే తీగల మీద వస్తుంది. ఒక తీగ పెంచితే గదులు రెట్టింపు అవుతాయి. పది తీగలకి 1,024 గదులు. ఇది వెయ్యికి దగ్గరగా ఉంది కదా అని వాళ్ళు 1,024ని 'కిలో' అనడం మొదలుపెట్టారు. తీగవాళ్ళ కిలో మాత్రం కిరాణా దుకాణం కిలోలాగే వెయ్యి.

ఫోన్ గొంతు 64,000 ఎలా అయింది

తీగవాళ్ళు వెయ్యినే ఎందుకు పట్టుకున్నారో చూద్దాం. మనిషి గొంతును అంకెల్లోకి మార్చే పద్ధతిని అలెక్ రీవ్స్ అనే ఇంజనీర్ 1930ల చివర్లో కనిపెట్టాడు. ఫోన్‌లో గొంతు దాదాపు 300 నుంచి 3,400 కంపనాల మధ్యే పోతుంది. దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే ఎక్కువలో ఎక్కువ కంపనానికి రెండింతలకు పైగా కొలవాలి. అందుకని సెకనుకు 8,000 సార్లు అని ఖరారైంది. ఒక్కో కొలతకి 8 బిట్లు. 8,000ని 8తో గుణిస్తే 64,000. ఒక ఫోన్ గొంతు సెకనుకు 64 కిలోబిట్లు.

ఇక్కడ మెమరీ గదులు లేవు, 1,024 లేదు. ఉన్నది గడియారం. గడియారం సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అదే లెక్క. 1962లో అమెరికాలో టీ1 లైన్లు వచ్చాయి. ఒకేసారి 24 గొంతులు, ప్రతి చుట్టుకీ 192 బిట్లు, చుట్టు మొదలైందని చెప్పడానికి ఒకటి ఎక్కువ, మొత్తం 193. దాన్ని 8,000తో గుణిస్తే సెకనుకు 15,44,000 బిట్లు. యూరప్ వాళ్ళు 32 గదుల ఈ1 పెట్టుకున్నారు, అది 20,48,000. మన ముల్క్ పట్టుకున్నది ఈ యూరప్ దారినే. చూడడానికి 2,048 మెషీన్ వాళ్ళ అంకెలా ఉంటుంది కానీ కాదు. అక్కడ కిలో వెయ్యే.

కాబట్టి 64 కిలోబిట్ల లైన్ మీద సెకనుకు పోయేది 8,000 బైట్లు. 8,192 కాదు.

సర్హద్దు మీద మోడెమ్

ఈ రెండు బిరాదరీలు ఎదురుపడ్డ చోటు మోడెమ్. కంప్యూటర్ బిట్లని కూతలుగా మార్చి ఫోన్ తీగ మీద పంపే డబ్బా. 1960లలో అమెరికాలో బెల్ కంపెనీ వాళ్ళ 103 మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపేది. దానికి తగిలించిన మెషీన్లు పాత టెలిప్రింటర్ రివాజునే పాటించాయి. హర్ఫ్‌కి ఎనిమిది బిట్లు, ముందు సలాం ఒకటి, చివర ఖుదా హాఫిజ్ ఒకటి, మొత్తం పది. 300ని 8తో కాదు, 10తో భాగించాలి. సెకనుకు 30 హర్ఫులు. అంతకన్నా పాత 110 బాడ్ టెలిటైప్‌లో చివర రెండు ఇషారాలు, హర్ఫ్‌కి పదకొండు. అందుకే అది సరిగ్గా సెకనుకు 10 హర్ఫులు కొట్టేది.

ఆ రోజుల్లో ఒక ఇషారాకి ఒక బిట్. బాడ్ అన్నా, బిట్ అన్నా ఒకటే అంకె. తర్వాత ఇంజనీర్లు ఒక్క ఇషారాలో ఎక్కువ బిట్లు దాచడం నేర్చుకున్నారు. 1200 బిట్ల మోడెమ్ సెకనుకు 600 ఇషారాలే పంపేది, ఒక్కోదానిలో రెండు బిట్లు. చివరికి 33.6 కిలోబిట్ల మోడెమ్ కూడా 3,429 ఇషారాలు దాటలేదు. బజార్లో మాత్రం డబ్బా మీద '33,600 బాడ్' అనే అనేవారు. పాత పేరు పోలేదు, పాత అర్థం పోయింది.

ఇక కంప్యూటర్ వైపు చూడండి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో మోడెమ్ తగిలించే సీరియల్ పోర్టు ఉండేది. ఆ తరహా పోర్టుల గడియారం సెకనుకు 18,43,200 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 16తో భాగిస్తే 1,15,200. పోర్టు అంతకన్నా వేగంగా నడవదు. అందులోని 8250 చిప్పులో వచ్చిన బైట్‌ని నిలిపి ఉంచడానికి ఒక్కటంటే ఒక్క గది. కంప్యూటర్ వేరే పనిలో ఉండి ఆ బైట్‌ని సమయానికి తీసుకోకపోతే తర్వాతి బైట్ వచ్చి దాన్ని తుడిచేస్తుంది. తర్వాత వచ్చిన 16550 రకం చిప్పులో 16 గదులు పెట్టాక ప్రాణం కాస్త కుదుటపడింది.

హిసాబ్ తెలియకపోతే ఎంత నుక్సానో చెప్పడానికి ఈ పోర్టే మిసాల్. ఐఎస్‌డీఎన్ అని ఒక ఫోన్ లైన్ వచ్చింది. 64 కిలోబిట్ల గొంతులు రెండు కలిపి వాడితే 128. దాని డబ్బాని పాత సీరియల్ పోర్టుకి తగిలిస్తే ఏమవుతుంది? 128 ఎక్కడ, 115.2 ఎక్కడ, పదో వంతే కదా పోయేది అనిపిస్తుంది. కానీ లైన్ మీద సలాములు లేవు. అక్కడ 8తో భాగించాలి, సెకనుకు 16,000 బైట్లు. పోర్టు మీద సలాం, ఖుదా హాఫిజ్ ఉన్నాయి. అక్కడ 10తో భాగించాలి, 11,520 బైట్లు. పోయేది 10 శాతం కాదు, 28 శాతం. కిరాయి కట్టింది పెద్ద దర్వాజాకి, సామాను దిగేది చిన్న కిటికీలోంచి.

ఇంకో తమాషా. విండోస్ 95 కాలంలో నెట్ కలవగానే చాలా కంప్యూటర్ల తెర మీద '1,15,200 వేగంతో కలిసింది' అని వచ్చేది. అబ్బో అని మురిసిపోయేవాళ్ళు ఉండేవారు. అది ఫోన్ తీగ వేగం కాదు. కంప్యూటర్‌కీ, పక్కన బల్ల మీదున్న మోడెమ్‌కీ మధ్య మూరెడు వైరు వేగం.

మన ఇంటి గడప దాకా

మన ముల్క్‌లో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ తెరిచింది. అప్పటి డయలప్ సెకనుకు 9.6 కిలోబిట్లు. ఆ తర్వాత కొన్నేళ్ళకి గల్లీ గల్లీలో నెట్ సెంటర్లు వచ్చాయి. మనలో ఎన్ని కుటుంబాలు గంటకి ఇంత అని కట్టి, జెద్దా నుంచో దుబాయ్ నుంచో వచ్చిన ఫోటో కోసం తెర ముందు కూర్చున్నాయో లెక్కలేదు. ముందు టోపీ కనిపించేది, తర్వాత నుదురు, ముఖం మొత్తం దిగేసరికి అమ్మీల కళ్ళు నిండిపోయేవి.

ఆ ఫోటో ఎందుకంత ఆలస్యం? ఈమెయిల్ హర్ఫులు మోయడానికి పుట్టింది, ఫోటోలకి కాదు. ఫోటోని దానిలో పెట్టాలంటే ప్రతి మూడు బైట్లని నాలుగు హర్ఫులుగా మార్చాలి. 3 లక్షల బైట్ల ఫోటో దారిలో 4 లక్షల బైట్లు అవుతుంది. 33.6 కిలోబిట్ల మీద, లైన్ ఏ గొడవా చేయకపోయినా, దాదాపు ఒకటిన్నర నిమిషం. డబ్బులు గంటకి కట్టేవాళ్ళకి ఆ మూడో వంతు చిన్నదేమీ కాదు.

2004లో సర్కారు బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కిలోబిట్లు అంది. 2013లో 512 చేసింది, 2023లో 2 మెగాబిట్లు. ఇవన్నీ బిట్లే. 256 కిలోబిట్లు అంటే సెకనుకు 32,000 బైట్లు.

ఈ జమానాలన్నిటినీ ఒకే తరాజులో పెట్టి చూద్దాం. ఒక ఫ్లాపీ తీసుకోండి. దాని మీద 1.44 ఎంబీ అని రాసి ఉంటుంది. లోపల 80 చుట్లు, రెండు వైపులు, చుట్టుకి 18 ముక్కలు, ముక్కకి 512 బైట్లు. మొత్తం 14,74,560 బైట్లు. వెయ్యిలతో లెక్కిస్తే 1.47, 1,024లతో లెక్కిస్తే 1.41. మరి 1.44 ఎక్కడిది? ఒకసారి 1,024తో, ఒకసారి వెయ్యితో భాగించారు! ఒకే డబ్బాలో రెండు తులాలు కలిపేశారన్నమాట.

ఆ ఫ్లాపీ నిండా ఉన్న సామాను 300 బిట్ల మోడెమ్ మీద పోవడానికి 13 గంటల 39 నిమిషాలు. పది బిట్ల హర్ఫుతో 9,600 మీద 25 నిమిషాల 36 సెకన్లు. 33.6 మోడెమ్‌లు తప్పులు సరిచూసుకునే పద్ధతిలో నడిచేటప్పుడు దారిలో సలాములు తీసేసేవి, కాబట్టి 8తో భాగిస్తే దాదాపు 6 నిమిషాలు. 64 కిలోబిట్ల లైన్ మీద 3 నిమిషాల చిల్లర. 256 మీద 46 సెకన్లు. ఖాలా ఇంటి 100 మెగాబిట్ల మీద సెకనులో ఎనిమిదో వంతు కూడా పట్టదు.

మోసమా, కాదా

ఇప్పుడు ఖాలా సవాల్‌కి వద్దాం. 100 మెగాబిట్లు, 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు. ప్రతి పొట్లం మీద చిరునామా, తీగ మీద విరామం, ఇలాంటి ఖర్చు ఐదు శాతం దాకా ఉంటుంది. మిగిలింది 11.9. ఖాలా కంప్యూటర్ మెగా అంటే 1,024 సార్లు 1,024 అనుకుంటుంది, కాబట్టి అదే సామాను 11.3గా కనిపిస్తుంది. తెర మీద 11 వచ్చిందంటే ఆ కుర్రాడు పూరా తూకం ఇచ్చినట్టే. తొంభై ఎవరింటికీ పోలేదు.

ఈ గందరగోళం పెద్దవాళ్ళకీ తెలుసు. 1998 డిసెంబర్‌లో ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ 1,024 కిలోకి 'కిబి', దాని పై మెగాకి 'మెబి' అని వేరే పేర్లు పెట్టింది. కిలో అంటే వెయ్యి మాత్రమే అంది. ఇంజనీర్ల కితాబుల్లో ఆ పేర్లు వచ్చాయి, బజార్లోకి పెద్దగా రాలేదు. అందుకే 80 జీబీ డిస్కు కొని విండోస్‌లో 74.5 చూసి 'లుట్ గయా' అనుకున్నవాళ్ళు ఎంతోమంది.

మన దీన్‌లో నాప్‌తోల్ చిన్న విషయం కాదు. తూకంలో తగ్గించేవాళ్ళ మీద ఒక పూరా సూరా ఉంది, సూరా అల్ ముతఫ్ఫిఫీన్. నా ఖయాల్‌లో రెండు తరాజులు ఉండడం గునాహ్ కాదు. ఒక్కో బిరాదరీకి దాని పని నేర్పిన తరాజు అది. ఏ తరాజో కొనేవాడికి చెప్పకపోవడం దగ్గరే బేఈమానీ మొదలవుతుంది. ప్రకటనలో 'వంద స్పీడ్' అని పెద్దగా రాసి, మెగాబిట్టా మెగాబైటా చెప్పకపోతే అది సాఫ్ వ్యాపారం కాదు. అలాగే అసలు తెలుసుకోకుండా బిల్లు కోసం వచ్చిన గరీబు కుర్రాణ్ణి చోర్ అనడమూ ఇన్సాఫ్ కాదు.

ఇంట్లో పిల్లలకి ఇంత నేర్పితే చాలు. ఇంగ్లీషులో చిన్న 'బి' రాస్తే బిట్టు, పెద్ద 'బి' రాస్తే బైటు. ప్లాన్ అంకెని 8తో భాగించండి. పాత సీరియల్ పోర్టు మధ్యలో ఉంటే 10తో. ఖర్చు కింద పదో వంతు తీసేయండి. తీగతో తగిలించిన కంప్యూటర్‌లో కొలవండి, గోడల అవతలి వైఫై మీద కాదు. 100 ప్లాన్‌కి 11 వస్తే షుక్రియా చెప్పి బిల్లు కట్టండి. రోజూ నాలుగో, ఐదో వస్తుంటే అది బిట్టు బైటు మామ్లా కాదు. అప్పుడు ఆ అంకెలు తారీఖులతో కాగితం మీద రాసిపెట్టి, కంపెనీకి లిఖితంగా ఫిర్యాదు చేయండి. అది మీ హక్.

ఈ హిసాబ్ విన్నాక ఖాలా ఒక్క మాటే అడిగింది: "మరి ఈ ముక్క వాడికెందుకు నేర్పలేదు వాళ్ళ కంపెనీ?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఖుదా హాఫిజ్.